సామానుగదిలో తరిమెన

మార్కండేయపురాణములోని సంజ్ఞాదేవి కథను మన యిండ్లలో పెద్దలు చెప్పగా వినని వారరుదు. భర్తయైన సూర్యుని తేజస్సును భరింపజాలక ఆమె తన ఛాయను ఇంట నిలిపి వెడలిపోయినది. అంతట ఆమె తండ్రి విశ్వకర్మ అల్లుని సమ్మతితో ఆతనిని తరిమెనపై నెక్కించి, అధికమైన తేజస్సును తొలిచివేసెను. రాలిన తునుకలను సైతము పాఱవేయక, వానితో విష్ణుచక్రమును, శివుని త్రిశూలమును, కుమారస్వామి శక్తిని చేసెనని చెప్పుదురు. చిన్నతనమున మా తాతగారు ఈ కథ చెప్పినప్పుడు నాకు తోచిన సందేహ మొక్కటియే: అంత పెద్ద తరిమెనను విశ్వకర్మ తన యింట ఏ గదిలో పెట్టుకొనెను? పెండ్లియైన చాల యేండ్లకు ఆ సందేహము మరల వచ్చినది. ఏలయన, తరిమెన మా యింటికే వచ్చినది.

మావారు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు. మాది గోదావరి మండలమున సముద్రమునకు దాపున నున్న చిన్న యూరు. ముందొక వసారా, రెండు గదులు, వంటయిల్లు, వెనుక 9 అడుగుల పొడవును 7 అడుగుల వెడల్పును గల సామానుగది, ఇంతియే మా యిల్లు. ఆ గదిలో బియ్యపు బస్తా, ఉప్పుకుండ, చింతపండు, రెండు ఆవకాయ జాడీలు, మా అత్తగారి పెండ్లినాటి ఇత్తడి బిందెలు ఉండెడివి.

పాఠశాలలోని కప్పీలు వంకరగా తిరుగుచున్నవనియు, వంకర కప్పీతో చేసిన ప్రయోగము పిల్లలకు అబద్ధము చెప్పుననియు మావారు నిత్యము బాధపడుచుండెడివారు. తుదకు రెండేండ్లు కూడబెట్టిన సొమ్ముతో 2021 లో ఒక చిన్న లేతును కొని తెచ్చిరి. తరిమెన యనునది పెద్దల మాట. నేడందరును దానిని లేతనియే అందురు. ఇది బల్లపై నుంచుకొను జాతిది. బరువు సుమారు 40 కిలోలు. 14 అంగుళముల వరకు పొడవు గల వస్తువును పట్టి త్రిప్పగలదు. దాని వెంట రంధ్రములు చేయు డ్రిల్లింగు మిషను, పనిముట్లను పదునుపెట్టు సానచక్రము, వస్తువును కదలకుండ బిగించిపట్టు వైసు, రంపములు, ఆకురాళ్లు వచ్చినవి. ఇవి యన్నియు చేరుటకు మిగిలిన చోటు నా సామానుగది యొక్కటియే.

ఆ దినమున నేను సంతోషించితినని చెప్పినచో అసత్యమగును. ఇల్లాలికి సామానుగది యనగా సంవత్సరమునకు సరిపడు ధైర్యము. అయినను మావారి ముఖము చూచి మాటాడనైతిని. జాడీలను, యంత్రములను ఒకే గదిలో సర్దితిని. రెండు మాసములు గడవకమునుపే లేతుయొక్క నున్నని ఉక్కు భాగములపై ఎఱ్ఱని మచ్చలు లేచినవి. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొనును; ఉప్పుతో కలిసిన తేమ ఇనుమును త్వరగా తినివేయును. సవతులైనను ఒక యింట నొదుగుదురేమో గాని, ఉప్పును ఉక్కును ఒక గదిలో నొదుగవు. ఉప్పుకుండయు ఆవకాయ జాడీలును వంటయింటి అటుక క్రిందికి వచ్చినవి. గది యంత్రములదైనది.

సోదరీమణులారా, ఈ వ్యాసము మీలో కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఇంటిలో తరిమెన యుండుట క్రొత్త సంగతి కాదు. మన ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెనపట్టి, తిరుగుచున్న కఱ్ఱకు రంగు లక్కను ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱకు పట్టుకొనును. ఆ బొమ్మలకు 2017 లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతమున మరలు కోయు లేతును తీర్చిదిద్దెను. అక్కడనే 1898 లో మోడల్ ఇంజనీర్ అను పత్రిక వెలువడి, పెరటికొట్టులలో చిన్న చిన్న యంత్రములు చేసికొను గృహస్థులకు తోడ్పడినది. నేడు మన యూళ్లలోను మోటారు చుట్టువారు, గడియారములు బాగుచేయువారు, కుట్టు మిషనులు మరమ్మతు చేయువారు ఇంటిలోని ఒక మూలనే పనిచేసికొనుచున్నారు. ఆ మూలను ఆనుకొని కాపురము చేయు ఇల్లాండ్రకు నేను నేర్చుకొన్నది ఉపయోగపడునని వ్రాయుచున్నాను.

కొలత

మొదట మేము చేసిన తప్పు, యంత్రము కొలతను మాత్రమే చూచుట. తిరుగలికి మూరెడు చోటు చాలును. విసరు మనిషికి కాళ్లు చాచుటకు బారెడు కావలెను. లేతు కూడ అట్టిదే. అది పట్టు చోటు వేఱు, దానితో పనిచేయుటకు కావలసిన చోటు వేఱు. పిడులు త్రిప్పుటకు, వస్తువును ఎక్కించుటకు, వెనుకకు వంగి నేలపై పడినదానిని తీయుటకు చోటుండవలెను.

ఇది తెలిసిన తరువాత గళ్ల కాగితముపై అడుగునకు అంగుళము చొప్పున గదిని గీసితిమి. ప్రతి యంత్రమునకు ఒక అట్టముక్క, నిలుచు మనిషికి ఒక అట్టముక్క, తెఱచుకొను తలుపునకు ఒక అట్టముక్క కత్తిరించి, మూడు సాయంత్రములు పచ్చీసు కాయలవలె జరిపి చూచితిమి. దానివలన రెండు సంగతులు బయటపడినవి. లోపలికి తెఱచుకొను తలుపు గదిలో పావు వంతు చోటును చంపుచున్నది. వడ్రంగిని పిలిచి దానిని బయటికి తెఱచుకొనునట్లు మార్పించితిమి. రెండవది, నాలుగు యంత్రములకు నాలుగు నిలుచు చోట్లు అక్కఱలేదు. పనిచేయు మనిషి ఒక్కడే గదా! ఒక గోడ ప్రక్క 2 అడుగుల వెడల్పు బల్ల, ఎదుటి గోడ ప్రక్క అడుగున్నర బల్ల వేయగా, నడుమ మూడున్నర అడుగులు మిగిలినవి. మనిషి అక్కడనే నిలిచి ఇటు తిరిగిన లేతు, అటు తిరిగిన డ్రిల్లింగు మిషను, ప్రక్కకు తిరిగిన వైసు అందును. చిన్న వంటయింటిలో పొయ్యి, నీళ్లబిందె, కత్తిపీట అమర్చుకొను ఇల్లాలికి ఇది చెప్పవలసిన పని లేదు.

పొడవైన వస్తువుల సంగతి వేఱు. వైసును తలుపు ప్రక్క బిగించినచో పొడవైన ఊచ గుమ్మము గుండ బయటికి పోవును, గదిలో తిరుగదు. డ్రిల్లింగు మిషను పీటను ప్రక్క సామానులకంటె ఎత్తుగా నుంచినచో, దానిపైని పొడుగు పలక మిగిలిన వానికి తగులకుండ పైనుండి పోవును. సానచక్రమును మాత్రము గదిలో ఉంచరాదు. దానినుండి లేచు రాతిపొడి లేతుయొక్క జారుడు భాగములలో చేరి, పిండిలో ఇసుకవలె వానిని అరగదీయును. మేము దానిని వెనుక పెంకుల చూరు క్రింద వేఱుగా బిగించితిమి.

ఎత్తు, గోడ

బల్ల ఎత్తునకు మోచేయి కొలత. నిలుచుండి చేతిని మడిచినప్పుడు మోచేయి ఎంత ఎత్తుననుండునో, వైసు దవడల పైభాగము అంత ఎత్తున నుండవలెను. అంతకంటె తక్కువయైన నడుము విరుగును; ఎక్కువయైన భుజములు లాగును. మావారి మోచేతికి చేసిన బల్ల నాకు ఎత్తైనది. చిన్న పీట నెక్కి పనిచేయుట ప్రమాదము. తిరుగు యంత్రము ముందు కాలు తూలరాదు. అందువలన బల్ల పొడవంతటికి సరిపోవు వెడల్పైన చెక్కమెట్టు ఒకటి చేయించి, పని లేనప్పుడు బల్ల క్రిందికి త్రోసివేయుచున్నాము.

బల్ల బరువుగా నుండవలెను. మాది పాత టేకు తలుపు రెక్కలతో చేసినది. లేతును దానికి మరలతో బిగించునప్పుడు బల్ల వంకరగా నున్న, లేతు శరీరము కూడ మెలి తిరుగును. అప్పుడు గుండ్రని కడ్డీ ఒక కొన లావుగాను, ఒక కొన సన్నముగాను తయారగును. ఒక కడ్డీని తొలిచి, రెండు కొనలను మైక్రోమీటరుతో కొలిచి, తేడా యున్నచో కాళ్ల క్రింద పలుచని రేకుముక్కలు పెట్టి సరిచేయవలెను. పొయ్యి వాలిన అట్టు ఒక ప్రక్క దట్టమగుట మనకు తెలియనిది కాదు.

ఇరుకు గదిలో నేల తక్కువ, గోడ ఎక్కువ. గోడకు పలక బిగించి, ప్రతి పనిముట్టునకు ఒక మేకు కొట్టి, దాని చుట్టును రంగుతో ఆకారము గీసితిమి. పనిముట్టు లేనిచో ఖాళీ ఆకారము కనబడును; వెదకుట తప్పును. బరువైనవి క్రింద, తేలికైనవి పైన నుంచవలెను. లేతుకు సరిగా పైనున్న గోడపై మాత్రము ఏదియు వ్రేలాడదీయరాదు. అదరుటచే జారి తిరుగుచున్న దవడలపై పడినచో అది తిరిగి ఎవరి ముఖమునకు వచ్చునో చెప్పలేము.

దారి

ఇక నేను అసలు చెప్పదలచిన సంగతి. లేతులో వస్తువును పట్టు దవడల చక్రమును చక్కు అందురు. దాని వెనుకనున్న ఇరుసు లోపల బోలుగా నుండును. అయిదడుగుల కడ్డీని ఆ బోలు గుండ దూర్చి, కొన మాత్రము ఇవతలికి లాగి తొలిచి కోసికొనవచ్చును; కడ్డీని ముందుగా ముక్కలు చేయనక్కఱలేదు. కాని మిగిలిన కడ్డీ లేతు వెనుకకు పొడుచుకొని యుండును. గదిలో దానికి చోటు లేదు. కావున మావారు లేతు వెనుక కొనను గుమ్మము వైపు త్రిప్పిరి. కడ్డీ గుమ్మము దాటి, వంటయింటికి పోవు నడవలోనికి వచ్చుచుండెను. ఆ ఉపాయమునకు మావారు మురిసిరి, నేనును మెచ్చుకొంటిని.

2022 లో వర్షకాలము. సాయంత్రము చీకటిపడుచున్నది. మావారు కాఫీ యడిగిరి. నేను గ్లాసు తీసికొని నడవలోనికి వచ్చితిని. లేతు తిరుగుచున్నది, కడ్డీ నున్నగా నుండుటచే తిరుగుచున్నట్లు కనబడలేదు. గ్లాసు నందించుటకు వంగితిని. చీర కొంగు కడ్డీపై పడినది. కన్ను మూసి తెఱచునంతలో కొంగు రెండు చుట్లు చుట్టుకొనెను. మూడవ చుట్టుతో నా భుజము గుమ్మమునకు తగిలెను. పాత నేత చీర యగుటచే చిరిగినది. మావారు మీట నొత్తి యంత్రమును ఆపిరి. కాఫీ నేలపాలైనది. నా మెడపై బెత్తెడు గీత తప్ప మఱేమియు కాలేదు. క్రొత్త పట్టుచీరయైనచో ఈ వ్యాసము వ్రాయుట యుండెడిది కాదు.

ఆ రాత్రి మావారు అన్నము తినలేదు. మఱునాడు గదికి తాళము వేసిరి. “దీనిని అమ్మివేయుదును. నీకంటె నాకు కప్పీలు ఎక్కువ కావు” అనిరి. నెల దినములు గది తెఱువలేదు. కోపమును భయమును తగ్గిన పిదప నేను పాత గళ్ల కాగితమును తీసి చూచితిని. దానిలో యంత్రములకు అట్టముక్కలున్నవి, గదిలో నిలుచు మనిషికి అట్టముక్క యున్నది, తలుపునకును ఉన్నది. నడవలో నడచు మనిషికి మాత్రము లేదు. మేము గదికి చోటు కలిపికొనుటకై ఇంటివారి దారిని అరువు తెచ్చుకొంటిమి, ఆ సంగతి ఇంటివారికి చెప్పక.

“అమ్మవలదండీ, త్రిప్పుదము” అంటిని.

లేతు వెనుక కొనను ఇప్పుడు కిటికీ వైపు త్రిప్పితిమి. కిటికీ ఊచల నడుమనుండి ఒక గట్టి ఇనుపగొట్టమును పెరటివైపు గోడకు బిగించితిమి. కడ్డీ ఆ గొట్టములోనే తిరుగును. గొట్టముకంటె పొడవైన కడ్డీని ఎన్నడును ఎక్కింపరాదు. ఆధారము లేని కడ్డీ కొద్దిపాటి వేగమునకే వంగి, కొరడావలె కొట్టును. అది మనుష్యుల ఎముకలు విఱుగగొట్టగలదు. గుమ్మమునకు ఒక చిన్న గంట కట్టితిమి. కాఫీ తెచ్చినవారైనను, కబురు తెచ్చినవారైనను గంట కొట్టి, యంత్రము నిలిచిన తరువాతనే లోపలికి పోవలెను. కాఫీ చల్లారినను సరే. యంత్రము దారియు మనిషి దారియు ఎన్నడును ఒకటి కారాదు. ఇరుకు గదికి ఇదియే మొదటి శాసనము. తక్కినవన్నియు దీని తరువాత.

విద్యుత్తు, వెలుతురు

ఆపు మీట, తిరుగుచున్న చక్కు మీదుగా చేయి చాపకుండ అందునట్లుండవలెను. ఎఱ్ఱని పెద్ద గుండీ యైన మంచిది. ఎడమ చేతికిని అందవలెను. కుడి చేయి చిక్కుకొన్న నాడు ఎడమ చేయియే దిక్కు. విద్యుత్తు పోయి మరల వచ్చినప్పుడు యంత్రము తనంత తాను తిరుగకుండునట్టి మీటలు దొరకును, అవి అమర్చుకొనవలెను. కరెంటు పోయినదని చక్కులో చేయి పెట్టినప్పుడు కరెంటు వచ్చుట మన యూళ్లలో జరుగరానిదేమియు కాదు. భూమితీగ సరిగా నున్నదో లేదో పనివానిచే చూపింపవలెను. 30 మిల్లీఆంపియర్ల లోటునకే విద్యుత్తును తెంచివేయు రక్షణ మీటను ఇంటి పెట్టెలో పెట్టింపవలెను.

వెలుతురు విషయమున ఒక మాయ యున్నది. పాత చోకు ట్యూబులైటు సెకనుకు 100 మారులు మిణుకుమనును. మన కన్ను దానిని పట్టుకొనలేదు. నాలుగు దవడల చక్కు నిమిషమునకు 1500 చుట్లు తిరిగినచో సెకనుకు 25 చుట్లగును. దవడలు సెకనుకు 100 మారులు ఒకే చోటికి వచ్చును. మిణుకును దవడయు ఒక్క వేళకే కలియుటచే, ప్రాణము తీయు వేగముతో తిరుగుచున్న చక్కు నిలిచియున్నట్లే కనబడును. కావున ట్యూబులైటు నొక్కదానినే నమ్మరాదు. కిటికీ వెలుగుండవలెను, చక్కు దగ్గఱ మిణుకు లేని మంచి దీపము వేఱుగా నుండవలెను.

దుస్తులు

రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటనులోను అమెరికాలోను లక్షలకొలది స్త్రీలు కర్మాగారములలో లేతులపై పనిచేసిరి. అప్పుడు వెరోనికా లేక్ అను అమెరికా సినిమా నటి, కంటిపై పడు తన ప్రసిద్ధమైన కురులను వెనుకకు కట్టుకొని చూపి, యంత్రముల వద్ద పనిచేయు స్త్రీలకు మార్గము చూపినది. మనకు కురులే కాక కొంగు, జడ, గాజులు, మంగళసూత్రము, ఉంగరములు కలవు. ఇవి యన్నియు యంత్రమునకు పట్టుకొమ్మలే.

ఆ ప్రమాదము తరువాత నేను గది బయటనే యుందుననుకొంటిని. కాని మా అమ్మాయి పదకొండేండ్లది. తండ్రి పనిచేయుచుండగా గుమ్మమున నిలిచి చూచుచుండెను. రేపు అది లోపలికి పోకుండ ఆపగలనా? కావున నేనే ముందు నేర్చుకొంటిని. జడను ముడివేసి గుడ్డతో కట్టెదను. కొంగును బిగించి దోపి, పైన పొట్టిచేతుల ముతక అంగీని వెనుకవైపు ముడిపడునట్లు తొడిగెదను. సూత్రమును రవికెలోనికి దోపెదను. కంటికి అద్దములు తప్పవు. చేతితొడుగులు వేసికొన్న మంచిదని తోచును గాని, తిరుగు యంత్రము వద్ద అవి శత్రువులు. తొడుగు దొరికినచో చేయియు దొరకును.

గాజుల దగ్గఱ చిక్కు వచ్చినది. మా అత్తగారు పాతకాలపువారు; కోడలు బోసిచేతులతో నుండుట వారు చూడజాలరు. నేను గుమ్మమున నిలిచి గాజులు తీయుచుండగా వారు వచ్చి చూచిరి. కోపింతురేమో యని తలవంచుకొంటిని. వారు లోపలికి పోయి చిన్న వెండిగిన్నె తెచ్చి గుమ్మము ప్రక్క పెట్టి, “దీనిలో పెట్టుకో అమ్మా. చేయి నిలిచిననే గదా గాజులు నిలుచుట” అనిరి. ఆ గిన్నె నేటికిని అక్కడనే యున్నది.

చక్కును బిగించుటకు తాళపుచెవివంటి పనిముట్టొకటి యుండును. దానిని చక్కులో మఱచి మీట నొక్కినచో అది తూటావలె ఎగురును. చక్కునుండి ఊడదీయువఱకు దానినుండి చేయి తీయరాదు. ఇది మా యింటి రెండవ శాసనము.

పొట్టు, తుప్పు, తునుకలు

లేతు తొలిచిన లోహము చుట్టలు చుట్టలుగా రాలును. అవి కత్తివలె పదును. అప్పుడే రాలినవి కాలును. చేతితో లాగరాదు, కొక్కెముతోను కుంచెతోను తీయవలెను. మన యిండ్లలో పిల్లలు చెప్పులు లేక తిరుగుదురు గనుక, ఈ పొట్టు గది దాటి రారాదు. గదికి వేఱు చెప్పులు; అవి గుమ్మము దాటవు. గుమ్మమున ముతక పట్టా; పని ముగియగానే ఊడ్చుట. నూనె గుడ్డలను కుప్పగా పోయరాదు. అవిసెనూనెవంటి ఆఱిపోవు నూనెలతో తడిసిన గుడ్డలు తమంత తామే వేడెక్కి నిప్పంటుకొనుటయు కలదు. మూతగల రేకు డబ్బాలో వేసి త్వరగా తీసివేయవలెను.

సముద్రపు గాలికి తుప్పు తప్పదు. పని ముగిసిన వెంటనే పొట్టు తుడిచి, నున్నని భాగములకు పలుచగా యంత్రపునూనె పూయవలెను. ప్లాస్టికు కప్పు వేసినచో లోపల చెమ్మ చేరి కూర్చుండును, నూలుగుడ్డయే మేలు. చేతి చెమటయు తుప్పునకు విత్తనమే; కొలత పనిముట్లను తుడువక పెట్టెలో పెట్టరాదు.

ఇక తునుకలు. ఇరుకు గదిని నింపునవి యంత్రములు కావు. “ఎప్పుడైన పనికివచ్చును” అని దాచిన ముక్కలు. ఈ జబ్బు మనకును లేకపోలేదు. ఖాళీ సీసాలు, డబ్బాలు మనమును దాచుదుము. మేము ముక్కలకు ఒకే పెట్టె పెట్టితిమి. అది నిండినచో ఒక ముక్క చేర్చుటకు ఒక ముక్క తీసివేయవలెను. పొడవైన కడ్డీల కొనలకు రంగు పూసితిమి: ఇత్తడికి పసుపు, అల్యూమినియమునకు తెలుపు, ఉక్కునకు నలుపు. రాలిన పొట్టును గూడ లోహములవారీగా వేఱుచేసి పాతసామానువానికి అమ్ముచున్నాము. ఇత్తడి పొట్టులో ఇనుము కలిసిన ధర పడిపోవును. ఒక అయస్కాంతమును గుడ్డలో చుట్టి పొట్టుపై త్రిప్పిన ఇనుము వేఱుపడును. తునుకలను వృథా చేయని విశ్వకర్మ ఇంటి పద్ధతి ఇదియే కాబోలు.

ఈ గది మాకేమి యిచ్చినదని అడుగవచ్చును. పాఠశాలకు ఇరువదినాలుగు కప్పీలు, వంకర లేక తిరుగునవి, ఇచ్చినది. మా కొబ్బరికోరు పిడి మర అరిగిపోగా క్రొత్తది యిచ్చినది. ప్రక్కయింటి వారి కుట్టుమిషనుకు అంగడిలో దొరకని చిన్న ఇరుసు నిచ్చినది. నా సామానుగదిని మాత్రము తిరిగి ఇయ్యలేదు. దానికి నేనింకను అప్పుడప్పుడు విచారింతును.

గత వేసవిలో మా అమ్మాయి బొంగరము చేయుదునన్నది. జడ ముడివేసి, కంటద్దములు పెట్టుకొని, గాజులు గిన్నెలో వేసి, చెక్కమెట్టుపై నిలిచినది. మావారు ప్రక్క నిలిచిరి. నేను ఆపు మీట దగ్గఱ నిలిచితిని. అంకుడు కఱ్ఱ తిరుగసాగినది; పొట్టు రాలినది; కొంతసేపటికి బొంగరపు నడుము తేలినది. నా గుండె కొట్టుకొనుచునే యుండెను. నడుమ గుమ్మమున గంట మ్రోగినది. అమ్మాయి తనంత తానుగా యంత్రమును ఆపి, చక్కు పూర్తిగా నిలుచువఱకు చూచి, అప్పుడు తల త్రిప్పినది. బొంగరము కొంచెము వంకరగానే తిరిగినది. అది మఱొకటి చేయును.

సోదరీమణులారా, మీ యింట గది చిన్నదైనను చింతింపకుడు; చిన్న గదిలో పెద్ద పని జరుగును. అట్ట కత్తిరించి కొలుచుకొనుడు. కాని ఆ కాగితముపై ఒక అట్టముక్కను మఱువకుడు: పనిలో లేని మనిషి, కాఫీ గ్లాసుతో ఆ దారిని నడచి వచ్చు మనిషి. ఆమెకు చోటు మిగిలినదా లేదా చూచుకొని, తరువాత యంత్రమును దింపుకొనుడు.